మిల్లులో ఒక నంబరు, కాలేజీలో ఒకటి, ఇంట్లో ఇంకొకటి

ప్రశ్న: నమస్కారం. నల్లగొండలో ఉంటూ రెండు మూడు చోట్ల లెక్కలు రాస్తుంటాను. వారంలో సగం రోజులు మిర్యాలగూడలో ఒక రైసు మిల్లుకు వెళతాను. అక్కడ ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెట్టుకోవాలి. కంప్యూటర్లు చూసే అబ్బాయి నాకు 192.168.0.25 అనే నంబరు, గేట్‌వే 192.168.0.1 అని రాసిచ్చాడు. అవి వేస్తేనే ట్యాలీ ఉన్న పెద్ద కంప్యూటర్ అందుతుంది. ఆ కేబుల్‌లో ఇంటర్నెట్ రాదు. జీఎస్టీ పోర్టల్ తెరవాలంటే ఫోను హాట్‌స్పాట్ పెట్టి, కేబుల్ పీకేయాలి. పీకితే ట్యాలీ పోతుంది. నల్లగొండలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో వై-ఫై ఉంది. అక్కడ 192.168.1.77, గేట్‌వే 192.168.1.1 అని వేసి, ప్రాక్సీ (ఇంటర్నెట్‌కు మధ్యవర్తిగా ఉండే కంప్యూటర్ చిరునామా) కూడా పెట్టాలి. ఇంట్లో ఫైబర్ కనెక్షన్. ఇంటికి రాగానే కేబుల్ నంబర్లు, వై-ఫై నంబర్లు, ప్రాక్సీ అన్నీ తీసేసి ఆటోమేటిక్ పెడతాను. మర్నాడు మళ్లీ మొదలు. నంబర్లన్నీ డైరీ చివరి పేజీలో రాసుకున్నాను. ఒక్క అంకె తప్పితే గంట పోతుంది. చిత్రమేమిటంటే, మహబూబ్‌నగర్‌లో మా అక్కా వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు కాలేజీ నంబర్లు అలాగే ఉన్నా ప్రాక్సీ ఒక్కటి తీసేస్తే ఇంటర్నెట్ వస్తుంది. మా ఇంట్లో మాత్రం రాదు. ఇంకొకటి: కాలేజీలో ప్రింటు ఇస్తే మిల్లు ప్రింటరుకు పోయి ఆగిపోతుంది. మాది విండోస్ 11. ఈ మార్చడం తప్పే దారి ఉందా?
— ఒక పాఠకుడు, నల్లగొండ

సమాధానం: ఉంది. అయితే నంబర్లు త్వరగా మార్చే ఉపాయం చెప్పడం కంటే, మార్చనక్కర లేకుండా చేసుకోవడం మేలు. మీరు రోజూ తీసి పెడుతున్న వాటిలో సగం తీయనవసరం లేనివి. మిగిలిన వాటిలో కొన్ని అసలు పెట్టనవసరం లేనివి కావచ్చు.

ముందు ఒక మాట అడగాలి. మీ ల్యాప్‌టాప్‌కు స్థిరమైన నంబరు ఎందుకు? నెట్‌వర్క్‌లో స్థిరమైన చిరునామా ఉండాల్సింది పదిమంది వెతుక్కుంటూ వచ్చే యంత్రానికి. ట్యాలీ డేటా ఉన్న కంప్యూటర్, ప్రింటరు, హాజరు యంత్రం, కెమెరాల రికార్డర్ అటువంటివి. కిరాణా కొట్టు రోజుకో వీధికి మారితే ఊరంతా ఇబ్బంది పడుతుంది గాని, సరుకు కొనే మనిషి ఏ వీధి నుంచి వస్తే ఏమిటి? మీరు కొనే మనిషి. మిల్లులో ఎవరూ మీ ల్యాప్‌టాప్‌ను వెతుక్కుంటూ రారు, మీరే పెద్ద కంప్యూటర్ దగ్గరికి వెళతారు. కాబట్టి సూత్రం ప్రకారం మీకు ఆటోమేటిక్ చాలు.

మరి మిల్లు అబ్బాయి ఎందుకు రాసిచ్చాడు? అతనిది తప్పు అనడానికి లేదు. ఆటోమేటిక్ అంటే ల్యాప్‌టాప్ కేబుల్‌లోకి 'నాకొక నంబరు కావాలి' అని కేక వేస్తుంది, అక్కడ ఎవరో ఒకరు పలికి ఇవ్వాలి. ఆ ఇచ్చే పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. 1993లో ప్రమాణంగా వచ్చింది. ఇళ్లలో ఆ పని రౌటర్ చేస్తుంది. చాలా మిల్లుల్లో, దుకాణాల్లో రౌటర్ ఉండదు. నాలుగు కంప్యూటర్లను కలిపే స్విచ్ ఒక్కటే గోడకు వేలాడుతుంటుంది. స్విచ్ తీగలను కలుపుతుంది గాని నంబర్లు పంచదు. పంచేవాడు లేనిచోట చేత్తో రాయక తప్పదు. మీ కేబుల్‌లో ఇంటర్నెట్ రాదన్నారు కాబట్టి అక్కడ ఉన్నది ఉత్త స్విచ్చే అని నా అనుమానం.

అనుమానం తీర్చుకోవడం సులువు. ఒకసారి మిల్లులో కేబుల్ సెట్టింగును ఆటోమేటిక్ చేసి, కేబుల్ పెట్టి, ఒక నిమిషం ఆగి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి టైపు చేసి ఎంటర్ నొక్కండి. ఈథర్‌నెట్ కింద ఐపీవీ4 అడ్రస్ 169.254తో మొదలైతే, 'అడిగాను, ఎవరూ పలకలేదు, నేనే ఒకటి పెట్టుకున్నాను' అని విండోస్ చెబుతున్నట్టు. అప్పుడు చేత్తో రాసిన నంబరు ఉంచుకోవాల్సిందే. 192.168.0తో మొదలయ్యే నంబరు వచ్చిందంటే మాత్రం అక్కడ పంచేవాడు ఉన్నాడు, ఆటోమేటిక్‌లో వదిలేసి హాయిగా పని చేసుకోండి.

స్విచ్చే అయిందనుకుందాం. అయినా మీ బాధ సగం పోతుంది. ఎందుకంటే ల్యాప్‌టాప్‌లో కేబుల్ పెట్టే రంధ్రం వేరు, వై-ఫై వేరు. విండోస్ దృష్టిలో అవి రెండు వేరు వేరు అడాప్టర్లు. దేని నంబర్లు దానివే. ఈథర్‌నెట్‌కు 192.168.0.25 వేసి ఉన్నంత మాత్రాన ఇంట్లో వై-ఫైకి ఏమీ కాదు. మీ ఉత్తరం ప్రకారం మీరు కేబుల్ వాడేది మిల్లులో మాత్రమే. ఇంటికి రాగానే దాని నంబర్లు తీసేయడం, మర్నాడు మళ్లీ వేయడం వృథా శ్రమ. వాటిని అలాగే ఉంచేయండి. కేబుల్ లేనప్పుడు ఆ నంబర్లు ఎవరి జోలికీ పోవు.

ఒక్క సవరణ మాత్రం చేయాలి. మీ హాట్‌స్పాట్ గొడవకు మూలం అక్కడుంది. గేట్‌వే అంటే ఈ ఆవరణ దాటి బయటకు వెళ్లే దారి. మీరు కేబుల్‌కు 192.168.0.1 అని గేట్‌వే రాయగానే విండోస్ 'ఇంటర్నెట్‌కు ఇటే వెళ్లాలి కాబోలు' అని నమ్ముతుంది. కేబుల్, వై-ఫై రెండూ దారి చూపిస్తున్నప్పుడు వేగం ఎక్కువని మామూలుగా కేబుల్ వైపే మొగ్గుతుంది. తీరా ఆ దారి చివర ఏ రౌటరూ లేదు. జీఎస్టీ పేజీ కోసం వెళ్లిన కబురు అక్కడే చచ్చిపోతుంది. పక్కనే ఫోను హాట్‌స్పాట్ బంగారంలా పనిచేస్తున్నా దానివైపు చూడదు. మీరు కేబుల్ పీకితే తప్పుదారి మూసుకుపోతుంది, అందుకే పేజీ తెరుచుకుంటుంది.

కాబట్టి గేట్‌వే గడిని ఖాళీగా వదిలేయండి. విండోస్ బొత్తాము, ఆర్ కలిపి నొక్కితే వచ్చే చిన్న పెట్టెలో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని ఇంగ్లీషులో టైపు చేయండి. పాత కంట్రోల్ ప్యానెల్ కిటికీ వస్తుంది. కొత్త సెట్టింగ్స్ కంటే ఈ పని ఇక్కడే చేయమంటాను. కొత్తదానిలో కొన్ని గడులు ఖాళీగా ఉంటే సేవ్ చేయనని మొండికేసే సందర్భాలున్నాయి. ఈథర్‌నెట్ మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4, మళ్లీ ప్రాపర్టీస్. ఐపీ అడ్రస్ 192.168.0.25, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. డీఫాల్ట్ గేట్‌వే ఖాళీ. కింద డీఎన్‌ఎస్ (వెబ్‌సైటు పేరును నంబరుగా మార్చి చెప్పే సర్వర్) గడులు రెండూ ఖాళీ. ఓకే. ఇకమీదట ట్యాలీ కబుర్లు 192.168.0 అంకెలకే కాబట్టి కేబుల్ మీదుగా పోతాయి, మిగతా ప్రపంచమంతా హాట్‌స్పాట్ మీదుగా పోతుంది. రెండూ ఒకేసారి. 20వ తేదీ సాయంత్రం జీఎస్టీ 3బీ రిటర్ను వేస్తూ పక్కనే ట్యాలీలో అంకెలు సరిచూసుకోవచ్చు. గడువు దాటితే రోజుకు 50 రూపాయల రుసుము ఉందని మీకు నేను చెప్పేదేముంది.

గేట్‌వే ఖాళీ చేశాక రెండు మార్పులు కనిపిస్తాయి. కంగారు పడవద్దు. కేబుల్ పేరు దగ్గర అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్ అని వస్తుంది. గేట్‌వేను చూసే విండోస్ ఒక నెట్‌వర్క్‌ను గుర్తుపడుతుంది, అది లేకపోతే ఎక్కడున్నానో తెలియదంటుంది. తెలియని చోటు కాబట్టి దాన్ని పబ్లిక్ కింద జమకట్టి, చుట్టుపక్కల కంప్యూటర్ల జాబితా చూపించడం ఆపేస్తుంది. ఎక్స్‌ప్లోరర్‌లో నెట్‌వర్క్ నొక్కితే మిల్లు కంప్యూటర్ కనబడదు. కనబడకపోయినా అందుతుంది. ఎక్స్‌ప్లోరర్ చిరునామా పట్టీలో రెండు వెనక్కి వాలిన గీతలు పెట్టి, వెంటనే పెద్ద కంప్యూటర్ నంబరు టైపు చేయండి. పంచిన ఫోల్డర్లు వరసగా వస్తాయి. ట్యాలీ డేటా ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ అని, జెడ్ అక్షరం ఇచ్చి, రీకనెక్ట్ ఎట్ సైన్-ఇన్ గడిలో టిక్కు పెట్టండి. పేరుతో కాకుండా నంబరుతో మ్యాప్ చేయడం ముఖ్యం. పేరుతో వెతకడం ఒకరోజు కుదురుతుంది, ఒకరోజు కుదరదు. ఇంటి దగ్గర ఈ జెడ్ డ్రైవు మీద ఎర్ర గుర్తు కనబడుతుంది. అది ఊరికే 'ఇప్పుడు అందుబాటులో లేదు' అనడం. తీసేయకండి.

ఇక హాట్‌స్పాట్. మీ ఫోను హాట్‌స్పాట్‌కు కనెక్టయి ఉండగా సెట్టింగ్స్‌లో దాని ప్రాపర్టీస్ తెరిచి మీటర్డ్ కనెక్షన్ అనే స్విచ్చిని ఆన్ చేయండి. విండోస్ అప్‌డేట్లు మీ రోజువారీ డేటాను మధ్యాహ్నానికే మింగేయకుండా చాలావరకు ఆగుతాయి. ఇది ఆ ఒక్క హాట్‌స్పాట్‌కే వర్తిస్తుంది. ఇంటి ఫైబర్ మీద అప్‌డేట్లు మామూలుగా వస్తాయి.

మిల్లు సంగతి అయింది. కాలేజీలో అసలు చిక్కు. ఎందుకంటే కాలేజీ, ఇల్లు, అక్కగారి ఇల్లు, హాట్‌స్పాట్ అన్నీ ఒకే వై-ఫై అడాప్టర్ మీద నడుస్తాయి. మీరు ఇందాక చెప్పిన పాత కిటికీలో వై-ఫైకి నంబర్లు వేస్తున్నారని అర్థమవుతోంది. అక్కడ వేస్తే అది అడాప్టర్‌కు అంటుకుంటుంది, ఏ ఊరు వెళ్లినా వెంట వస్తుంది. విండోస్ 11లో ఒక్కో వై-ఫైకి విడివిడిగా వేసుకునే చోటు ఉంది. దాన్ని ఎందుకో చాలామంది చూడరు.

ముందు పాత కిటికీలో వై-ఫైకి వెళ్లి నంబర్లు, డీఎన్‌ఎస్ రెండింటినీ ఆటోమేటిక్‌కు తిప్పేయండి. ఇది మరిచిపోతే తర్వాత చేసేదంతా తికమక అవుతుంది. తర్వాత సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వై-ఫై, మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్. మీ ల్యాప్‌టాప్ ఇంతవరకు కలిసిన వై-ఫైల పేర్లన్నీ ఉంటాయి. ఎప్పుడో దిగిన లాడ్జిది, ఎవరి పెళ్లిలోనో వాడిన ఫంక్షన్ హాలుది కూడా. అవి చూసినప్పుడే ఫర్గెట్ కొట్టేయండి, పనిలో పని. కాలేజీ వై-ఫై పేరు నొక్కితే లోపల ఐపీ అసైన్‌మెంట్ అని ఉంటుంది. దాని పక్కన ఎడిట్. ఆటోమేటిక్ తీసి మాన్యువల్ ఎంచుకుని, ఐపీవీ4 ఆన్ చేసి, నంబర్లు నింపండి. ఇక్కడ గేట్‌వే, డీఎన్‌ఎస్ తప్పనిసరిగా రాయాలి, ఎందుకంటే ఇంటర్నెట్ ఈ దారినే వస్తుంది. కొన్ని వెర్షన్లలో మాస్క్ బదులు సబ్‌నెట్ ప్రిఫిక్స్ లెంగ్త్ అని అడుగుతుంది. 255.255.255.0 అని రాస్తే ఒప్పుకోదు, 24 అని రాయాలి. రెండూ ఒకటే. సేవ్ చేశాక ఆ నంబర్లు ఆ పేరుగల వై-ఫైకే. ఇంటి వై-ఫై పట్టగానే విండోస్ దానంతటదే ఆటోమేటిక్‌కు వస్తుంది, కాలేజీ గేటు దాటి ఆఫీసులో కూర్చోగానే మళ్లీ 77 తగిలించుకుంటుంది. మీరు ముట్టుకోనక్కర లేదు.

ఇది చాలు. అయినా ఇంతకంటే శుభ్రమైన పద్ధతి ఒకటుంది, కాలేజీలో కంప్యూటర్లు చూసే వారు ఒప్పుకుంటే. ఫలానా ల్యాప్‌టాప్ వస్తే ఎప్పుడూ 77 నంబరే ఇవ్వమని వాళ్ల రౌటర్‌లోనే రాసి పెట్టవచ్చు. రౌటర్‌ను బట్టి దీన్ని అడ్రస్ రిజర్వేషన్ అనో, ఐపీ అండ్ మ్యాక్ బైండింగ్ అనో అంటారు. అప్పుడు మీ వైపు అంతా ఆటోమేటిక్. కాలేజీ రేపు రౌటర్ మార్చి అంకెలన్నీ తిరగేసినా మీకు పట్టదు. చేత్తో వేసిన నంబరుకు ఇంకొక ప్రమాదం ఉంది: రౌటర్‌కు ఆ సంగతి తెలియదు. మీరు రాని రోజు 77ను ఎవరో విద్యార్థి ఫోనుకు ఇచ్చేస్తుంది. మర్నాడు మీరు వెళితే ఒకే నంబరుతో ఇద్దరు, ఇద్దరికీ అరకొర. కరెంటు పోయి వచ్చిన రోజుల్లో ఇది ఎక్కువ, ఎందుకంటే చాలా రౌటర్లు ఎవరికి ఏది ఇచ్చాయో మరిచిపోయి కొత్తగా మొదలుపెడతాయి. 'అప్పుడప్పుడు కాలేజీలో ఊరికే నెట్ పోతుంది' అని మీకు ఎప్పుడైనా అనిపించి ఉంటే మొదట చూడాల్సింది దీన్నే.

వాళ్లు మీ మ్యాక్ అడ్రస్ అడుగుతారు. ల్యాప్‌టాప్ కార్డుకు తయారీలోనే పడే పన్నెండు అక్షరాల గుర్తు అది. వై-ఫై ప్రాపర్టీస్‌లో కిందికి జరిపితే ఫిజికల్ అడ్రస్ అని కనబడుతుంది. కేబుల్‌ది వేరు, వై-ఫైది వేరు, మీరు ఇవ్వాల్సింది వై-ఫైది. అదే చోట రాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ అని ఒక స్విచ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ల్యాప్‌టాప్ అసలు గుర్తు దాచి మారుపేరు చెబుతుంది, రౌటర్ గుర్తుపట్టదు. కాలేజీ వై-ఫై వరకు దాన్ని ఆఫ్ చేయండి. బస్టాండులోనో, హోటల్లోనో ఉచిత వై-ఫై వాడేటప్పుడు ఆన్‌లో ఉండటమే మంచిది.

మీ అక్కగారింటి వింతకు వద్దాం. నాకు ఈ ఉత్తరంలో బాగా నచ్చింది ఇదే. ఇళ్లలో, ఆఫీసుల్లో వాడుకునేందుకు మూడు వరసల నంబర్లను విడిగా ఉంచారు. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు, 192.168తో మొదలయ్యేవి. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే పత్రంలో ఇది ఉంది. ఇవి బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు కాబట్టి ఎవరి ఆవరణలో వాళ్లు అవే నంబర్లు ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. ఆ వరసలోంచి రౌటర్ కంపెనీలు తలా ఒకటి ఎంచుకున్నాయి. ఎక్కువ రౌటర్లు 192.168.1.1 గానో 192.168.0.1 గానో వస్తాయి. జియో ఫైబర్ రౌటర్‌ది 192.168.29.1. ఐఫోను హాట్‌స్పాట్ ఇచ్చే నంబర్లు 172.20.10తో మొదలవుతాయి.

మీ కాలేజీ రౌటర్ 192.168.1.1. మహబూబ్‌నగర్‌లో మీ బావగారు పెట్టించుకున్న రౌటర్ కూడా 192.168.1.1 అయి ఉంటుంది. మీ ల్యాప్‌టాప్ కాలేజీ అనుకుని తలుపు తట్టింది, అదే నంబరుతో ఇంకొక రౌటర్ తలుపు తీసింది. మీ ఇంట్లో రౌటర్ వేరే వరసలో ఉంది, బహుశా 192.168.29.1. ల్యాప్‌టాప్ 192.168.1.1 కోసం ఎంత పిలిచినా ఆ ఇంట్లో ఆ నంబరు గలవారు లేరు. అందుకే వై-ఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, ఇంటర్నెట్ మాత్రం రాదు. మీ ఇంటి రౌటర్ అడుగున అంటించిన చీటీ చూస్తే ఆ నంబరు తెలిసిపోతుంది. అక్కగారింట్లో అలా వాడటం కూడా మంచిది కాదు. అక్కడి రౌటర్ 77ను వాళ్ల టీవీకి ఇచ్చి ఉంటే, మీరు వెళ్లిన రోజల్లా సీరియల్ మధ్యలో ఆగిపోతుంది. ఎవరూ మిమ్మల్ని అనుమానించరు, రౌటర్‌నే తిడతారు. ఇప్పుడు చెప్పిన మార్పు తర్వాత ఆ సమస్య ఎలాగూ ఉండదు.

ప్రాక్సీ మాత్రం తేలికగా లొంగదు. వై-ఫై నంబర్లలాగా దాన్ని ఒక్కో నెట్‌వర్క్‌కు విడిగా గుర్తుపెట్టుకునే ఏర్పాటు విండోస్ సెట్టింగ్స్‌లో లేదు. పెడితే అన్ని చోట్లా ఉంటుంది, తీస్తే అన్ని చోట్లా పోతుంది. దీనికి నేను సూచించేది సాదా ఉపాయం: కాలేజీ పనికి ఒక బ్రౌజర్, మిగతావాటికి ఇంకొకటి. క్రోమ్, ఎడ్జ్ రెండూ విండోస్ ప్రాక్సీనే పాటిస్తాయి. ఫైర్‌ఫాక్స్‌కు సొంత ప్రాక్సీ సెట్టింగు ఉంది. విండోస్‌లో ప్రాక్సీ శాశ్వతంగా తీసేయండి. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో జనరల్ పేజీ అడుగున నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెరిచి, మాన్యువల్ ప్రాక్సీ కాన్ఫిగరేషన్‌లో కాలేజీ నంబరు, పోర్టు వేసి, హెచ్‌టీటీపీఎస్‌కు కూడా అదే వాడమనే గడిలో టిక్కు పెట్టండి. కాలేజీలో ఫైర్‌ఫాక్స్, బయట క్రోమ్. ఇంట్లో పొరపాటున ఫైర్‌ఫాక్స్ తెరిస్తే ప్రాక్సీ సర్వర్ నిరాకరిస్తోందని చెబుతుంది, అంతే.

దీనికి ఒక పరిమితి ఉంది. కాలేజీలో బ్రౌజర్ కాని ప్రోగ్రాములు, అంటే మెయిల్ ప్రోగ్రామో, వన్‌డ్రైవో, బయటకు వెళ్లలేవు. అవి అక్కడ కావాలంటే కాలేజీ వారిని ప్రాక్సీ స్క్రిప్టు (ఎప్పుడు ప్రాక్సీ వాడాలో చెప్పే చిన్న ఫైలు) చిరునామా ఉందేమో అడగండి. ఉంటే విండోస్ ప్రాక్సీ పేజీలో యూజ్ సెటప్ స్క్రిప్ట్ దగ్గర అది రాసి వదిలేయవచ్చు. స్క్రిప్టు కాలేజీ లోపలే దొరుకుతుంది కాబట్టి బయట ఉన్నప్పుడు అది దొరకక, చాలావరకు ప్రోగ్రాములు నేరుగా వెళ్లిపోతాయి. మొదటి పేజీ కాస్త నెమ్మదిగా తెరుచుకోవచ్చు. స్క్రిప్టు లేదంటే ఫైర్‌ఫాక్స్ పద్ధతే మీకు గతి.

రేపు మీకు ఇంకొక మిల్లు తగిలి అక్కడ కూడా కేబులే ఉంటే? అక్కడ రౌటర్ ఉండి నంబర్లు పంచుతుంటే విండోస్‌లో ఎప్పటినుంచో ఉన్న ఒక సదుపాయం పనికొస్తుంది. పాత కిటికీలో ఈథర్‌నెట్‌ను ఆటోమేటిక్ చేయగానే పైన ఆల్టర్నేట్ కాన్ఫిగరేషన్ అనే రెండో పేజీ కనబడుతుంది. అక్కడ యూజర్ కాన్ఫిగర్డ్ ఎంచుకుని పాత మిల్లు నంబర్లు, ఇదివరకటిలాగే గేట్‌వే లేకుండా, రాయండి. ల్యాప్‌టాప్ మొదట నంబరు అడుగుతుంది, ఎవరూ ఇవ్వకపోతే ఈ రాసినవి వేసుకుంటుంది. స్విచ్ ఒక్కటే ఉన్న మిల్లులో కేబుల్ పెట్టాక కాస్త ఓపిక పట్టాలి. టీ వచ్చేలోపు అయిపోతుంది. అయితే రెండు చోట్లా చేత్తోనే రాయాల్సి వస్తే ఇది చాలదు. అప్పుడు యూఎస్‌బీకి తగిలించే చిన్న ఈథర్‌నెట్ అడాప్టర్ ఒకటి కొనుక్కోండి. విండోస్ దాన్ని మూడో అడాప్టర్‌గా లెక్కించి, దాని నంబర్లు దానికి గుర్తుపెట్టుకుంటుంది. పాత మిల్లుకు ల్యాప్‌టాప్ రంధ్రం, కొత్త మిల్లుకు యూఎస్‌బీ. తీగ మార్చడమే సెట్టింగు మార్చడం. నాకు సాఫ్ట్‌వేర్ కంటే ఇదే నచ్చుతుంది.

సాఫ్ట్‌వేర్లు లేవని కాదు. నెట్‌సెట్‌మ్యాన్ అనే ప్రోగ్రాములో ఒక్కో చోటికి ఒక్కో పేజీ పెట్టుకుని, ప్రాక్సీ, ప్రింటరుతో సహా ఒక్క నొక్కుతో మార్చుకోవచ్చు. సొంత వాడకానికి ఉచితం, సంపాదన పనికి వాడితే డబ్బు కట్టాలి. మీది సంపాదన పనే. విండోస్‌లోనే నెట్‌ష్ అనే ఆదేశం ఉంది, దానితో ఇప్పుడున్న సెట్టింగులను ఫైలులోకి దింపుకుని తర్వాత మళ్లీ ఎక్కించుకోవచ్చు. కాని ప్రతిసారీ అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. ఏడాది కింద దింపిన ఫైలు ఎక్కిస్తే ఏడాది కిందటి తప్పులు కూడా తిరిగొస్తాయి. మీకు ఈ రెండింటి అవసరం పడుతుందని నేననుకోను. ఆపిల్ వారి మ్యాక్ కంప్యూటర్ వాడేవారికి లొకేషన్స్ అని ఈ పనికే ఒక ఏర్పాటు ఉంది, ఉబుంటు అనే లినక్స్‌లో ఒకే కేబుల్‌కు రెండు మూడు ప్రొఫైళ్లు పెట్టుకోవచ్చు. కేబుల్ విషయంలో విండోస్ వాళ్లే వెనకబడ్డారు.

చివరగా ప్రింటరు. ఇది నంబర్ల గొడవ కాదు. మీరు మిల్లు ప్రింటరును డీఫాల్ట్‌గా పెట్టి ఉంటారు, అది ఎక్కడికి వెళ్లినా అలాగే ఉంటుంది. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌కు వెళితే, లెట్ విండోస్ మేనేజ్ మై డీఫాల్ట్ ప్రింటర్ అనే స్విచ్ ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే ఆ చోట మీరు చివరిగా వాడిన ప్రింటరే డీఫాల్ట్ అవుతుందని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. కాలేజీలో మొదటిసారి మాత్రం మీరే ఎంచి ప్రింటు ఇవ్వాలి. మిల్లు కేబుల్ ఇప్పుడు అన్‌ఐడెంటిఫైడ్ కాబట్టి అక్కడ చోటు గుర్తుపట్టడంలో అది తడబడవచ్చు. అలా జరిగితే ఆ స్విచ్ ఆఫ్ చేసి, ప్రింటు పెట్టెలో పేరు చూసి ఎంచుకునే పాత అలవాటుకే వెళ్లండి. ఇప్పటికే మిల్లు ప్రింటరు వరసలో ఆగిపోయి ఉన్న కాలేజీ కాగితాలను ముందు రద్దు చేయండి. లేకపోతే ఈసారి మిల్లులో కేబుల్ పెట్టగానే కాలేజీ జీతాల పట్టీ అంతా యజమాని టేబుల్ పక్కన అచ్చయి వస్తుంది.